డెల్టాలో పార్లమెంటు ఎన్నిక ఎప్పుడు చప్పబడింది?

జమిలి ఎన్నికల మీద మళ్లీ మాట మొదలైంది. లోక్‌సభకూ అసెంబ్లీలకూ ఒకేసారి ఓటేయించాలన్న 129వ రాజ్యాంగ సవరణ బిల్లు 2024 డిసెంబరు 17న లోక్‌సభ ముందుకొచ్చింది. అక్కడి నుంచి పి.పి.చౌధరి అధ్యక్షతన ఏర్పడిన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. ఆ బిల్లు ఎప్పుడు వార్తల్లోకి వచ్చినా ఆంధ్రప్రదేశ్ పేరు కూడా వస్తుంది. అక్కడ పాతికేళ్లుగా జమిలిగానే జరుగుతున్నాయి కదా, ఏం కొంప మునిగిందని దాన్ని బలపరిచేవాళ్లు అడుగుతారు.

కొంపలేమీ మునగలేదన్నది నిజమే. అయితే కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కల పల్లెల్లోనో, కాకినాడ రూరల్‌లోనో ఓటరును కాస్త కదిపి చూడండి. అసెంబ్లీ ఎన్నిక గురించి అడిగితే టీ చల్లారిపోయేదాకా చెబుతాడు. ఏ వార్డులో ఎవరు ఎటు తిరిగారో, ఆఖరి రాత్రి ఏ వీధిలో ఏం జరిగిందో అంతా గుర్తే. అదే రోజు, అదే బూత్‌లో వేసిన పార్లమెంటు ఓటు గురించి అడిగితే మాత్రం ‘దాని గురించి ఎవరు మాట్లాడారండీ?’ అంటాడు. ఈ గోదావరి డెల్టా ఓటరుగా నాదీ అదే చిరాకు. దేశాన్ని అయిదేళ్లపాటు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చే ఎన్నిక మా ఊళ్లలో ఒక్క వాదన కూడా పుట్టించకుండా దాటిపోతోంది.

2024 సంగతే తీసుకుందాం. మార్చి 16న షెడ్యూలు వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. దాదాపు రెండు నెలలు కోడ్, ఆపైన మూడు వారాలు స్ట్రాంగ్‌రూముల కాపలా. ఇంత సుదీర్ఘంగా సాగిన ఎన్నికలో కాకినాడ లోక్‌సభ స్థానం గురించి రాష్ట్రంలో ఎంతమంది మాట్లాడుకున్నారు? ఆ ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఒకటైన పిఠాపురం మాత్రం మారుమోగిపోయింది. పవన్ కల్యాణ్ అక్కడ నిలబడ్డారు కాబట్టి సినిమావాళ్లు, టీవీ వ్యాన్లు, పందేలు, అన్నీ ఆ ఊరికే చేరాయి. ఎంపీ అభ్యర్థులు అక్కడే, ఆ జనంలోనే ఉన్నారు. జనసేన తరఫున తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్, వైసీపీ తరఫున చలమలశెట్టి సునీల్. సునీల్ ఇదే స్థానంలో 2009లో ప్రజారాజ్యం తరఫున, 2014లో వైసీపీ తరఫున, 2019లో తెలుగుదేశం తరఫున, 2024లో మళ్లీ వైసీపీ తరఫున పోటీ చేశారు. నాలుగుసార్లూ ఓడారు. మూడు పార్టీలు మారినా దేశం గురించి ఆయన అభిప్రాయం ఏమైనా మారిందా అని ఓటర్లలో ఎవరూ అడిగినట్టు లేదు. అడగాల్సిన అవసరం రాలేదు మరి.

నరసాపురం లోక్‌సభ పరిధిలో ఇంకో తమాషా. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి పొత్తులో ఎంపీ సీటు బీజేపీకి వెళ్లింది. దాని కింద పాలకొల్లులో ఎమ్మెల్యే అభ్యర్థి తెలుగుదేశం, భీమవరంలో జనసేన. అంటే పాలకొల్లు ఓటరు ఒక యంత్రం మీద సైకిల్‌నీ, రెండోదాని మీద కమలాన్నీ నొక్కాలి. భీమవరం ఓటరు గాజు గ్లాసునీ, కమలాన్నీ నొక్కాలి. కార్యకర్తలు నమూనా బ్యాలెట్లు పట్టుకుని అరుగుల మీద కూర్చుని ముసలివాళ్ల చేత మళ్లీ మళ్లీ అప్పజెప్పించారు: గులాబీ కాగితం ఉన్నది ఎమ్మెల్యేకి, తెల్ల కాగితం ఉన్నది ఎంపీకి. పార్లమెంటు ప్రచారంలో పెద్ద భాగం ఈ గుర్తుల పాఠమే. తెల్ల కాగితం మీది కమలాన్ని ఎందుకు నొక్కాలో, ఎందుకు నొక్కకూడదో చెప్పే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

రాజమహేంద్రవరం దగ్గర వేమగిరిలో మే 6న ప్రధాని సభ జరిగింది. దేశంలో మిగతా చోట్ల ఆ రోజుల్లో ముస్లిం రిజర్వేషన్ల మీద పెద్ద రగడ నడుస్తోంది. ఇక్కడ కూటమిలోని తెలుగుదేశం రాష్ట్రంలో ముస్లింలకున్న 4 శాతం రిజర్వేషన్ కొనసాగిస్తామంటోంది. ఒకే వేదిక మీద ఉన్న పార్టీలకు ఒకే మాట లేని చోట చర్చను పైకి లేపేదెవరు? అంతకు వారం ముందు, ఏప్రిల్ 30న విడుదలైన మేనిఫెస్టో తెలుగుదేశం, జనసేన పార్టీలదే. దాని మీద మోదీ ఫొటో లేదు. బీజేపీ జాతీయ మేనిఫెస్టో వేరే ఉందన్నారు. ఆ జాతీయ మేనిఫెస్టోలో ఏముందో కోనసీమ గడపల్లో ఎవరూ చదివి వినిపించలేదు.

అవతలి పక్షం మాత్రం నిలదీసిందా? లేదు. 2019 ఆగస్టులో 370 అధికరణ రద్దుకు వైసీపీ మద్దతిచ్చింది, తెలుగుదేశం కూడా ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకూ అంతే. ఇక్కడ ఒకరి గొంతు ఒకరు పట్టుకునే రెండు పార్టీలూ ఢిల్లీలో ఒకే మీట నొక్కుతున్నప్పుడు ఓటరు ఎంచుకోవడానికి ఏముంటుంది?

ఇదంతా ఎక్కడ మొదలైందన్నదే అసలు ప్రశ్న. 1967 దాకా ఎన్నికలు కలిసే జరిగాయనీ, 1970 డిసెంబరులో ఇందిరాగాంధీ లోక్‌సభను ముందుగా రద్దు చేయించడంతో విడిపోయాయనీ చెప్పే కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. (మన కోస్తాకు ఆ కథ పూర్తిగా అతకదు కూడా. ఆంధ్ర రాష్ట్రం 1955లోనే విడిగా అసెంబ్లీ ఎన్నికలు చూసింది.) నా లెక్కలో మన విసుగుకు మూలం 1998 ఫిబ్రవరికీ 1999 సెప్టెంబరుకూ మధ్యనున్న ఏడాదిన్నరలో ఉంది.

చివరిసారి విడిగా వేసిన ఓటు

1998లో జరిగింది ఉత్త పార్లమెంటు ఎన్నిక. అసెంబ్లీకి అప్పటికింకా రెండేళ్ల గడువుంది. ఎమ్మెల్యేలు ప్రచారానికి వచ్చారుగానీ వాళ్ల కుర్చీకి వచ్చిన ముప్పేమీ లేదు. దేశంలో అంతకు ముందు రెండేళ్లలో ముగ్గురు ప్రధానులు మారారు: పదమూడు రోజుల వాజ్‌పేయి, దేవెగౌడ, గుజ్రాల్. స్థిరమైన ప్రభుత్వం, సమర్థుడైన నాయకుడు అన్నది బీజేపీ నినాదం. దేవెగౌడ, గుజ్రాల్ ప్రభుత్వాలను నడిపిన యునైటెడ్ ఫ్రంట్‌కు చంద్రబాబునాయుడు కన్వీనరు. అంటే రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీకి ఢిల్లీ విషయంలో ఒక పక్షం ఉంది, కాంగ్రెస్‌కు ఒకటి, బీజేపీకి ఒకటి. దాళ్వా చేలల్లో పని చూసుకుంటూ ఈ డెల్టా రైతు ఆలోచించింది ఢిల్లీ గురించే.

ఫలితం చూడండి. కాకినాడలో బీజేపీ నుంచి కృష్ణంరాజు గెలిచారు. రాజమండ్రిలో అదే పార్టీ నుంచి గిరజాల వెంకటస్వామినాయుడు గెలిచారు. అమలాపురం జి.ఎం.సి.బాలయోగిది, అంటే తెలుగుదేశానిది. నరసాపురంలో కనుమూరి బాపిరాజు, ఏలూరులో మాగంటి వెంకటేశ్వరరావు, ఇద్దరూ అప్పట్లో కాంగ్రెస్. డెల్టాతో ముడిపడ్డ అయిదు స్థానాలు మూడు పార్టీలకు పోయాయి.

రాష్ట్రం మొత్తం మీద బీజేపీకి ఆ ఏడు వచ్చినవి నాలుగే సీట్లు, అందులో రెండు తూర్పుగోదావరివి. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రంలో నాలుగు శాతం ఓట్లు కూడా తెచ్చుకోలేని పార్టీ, 1998లో సుమారు 18 శాతానికి చేరింది. కృష్ణంరాజు సినిమా హీరో, మొగల్తూరు రాజుగారు, ఆ అభిమానం కలిసొచ్చిందంటారు. ఒప్పుకుందాం. గిరజాల వెంకటస్వామినాయుడు ఏ సినిమాలో నటించారని రాజమండ్రి ఓటేసింది? జనం తమ ఎమ్మెల్యేనూ, ఊళ్లో గ్రూపులనూ పక్కన పెట్టి వాజ్‌పేయి కావాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పారు. కొందరు కావాలన్నారు, కొందరు వద్దన్నారు. ఆ జవాబు మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం అది.

అంతకు ముందూ అంతే. 1984 డిసెంబరులో దేశమంతా కాంగ్రెస్‌కు పోటెత్తినప్పుడు, ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసిన సంగతి మరిచిపోని ఆంధ్రా ఓటరు 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికిచ్చి దాన్ని లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షం చేశాడు. 1991లో రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం ఉండగానే ఈ అయిదు స్థానాలూ తెలుగుదేశానికి వెళ్లాయి. 1996లో రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం ఉండగా అమలాపురం, రాజమండ్రి కాంగ్రెస్‌కు పోయాయి, మిగతా మూడూ తెలుగుదేశానివి. హైదరాబాదులో ఎవరున్నారన్నదాన్ని బట్టి డెల్టా ఢిల్లీకి ఓటేయలేదు.

ఒక్క ఓటు తేడా

ఇక 1999 ఏప్రిల్ 17. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకోవడంతో వాజ్‌పేయి విశ్వాస పరీక్షకు నిలబడ్డారు. తెలుగుదేశం ఆయనకు ఓటేసింది. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన బాలయోగి. ముమ్మిడివరం ఎమ్మెల్యేగా, రాష్ట్ర మంత్రిగా ఉండి, 1998లో అమలాపురం నుంచి ఎంపీగా గెలిచి, ఆ మార్చిలోనే స్పీకర్ అయిన కోనసీమ మనిషి. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవికి రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటేయవచ్చా లేదా అన్న వివాదం ఆయన ముందుకొచ్చింది. ఆ నిర్ణయాన్ని బాలయోగి గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు, వ్యతిరేకంగా. ఆయన ఊరుకుని ఉంటే లెక్క 269–269 దగ్గర ఆగేది. రాజ్యాంగంలోని 100వ అధికరణ ప్రకారం ఓట్లు సమానమైనప్పుడే స్పీకర్ ఓటు పడుతుంది. అంటే దేశ ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది అమలాపురం ఎంపీ చేతిలోకి వచ్చేది. అంత దగ్గరికొచ్చి తప్పిపోయింది.

(యాదృచ్ఛికమే అనుకోండి: 2024 డిసెంబరులో జమిలి బిల్లును సభలో ప్రవేశపెట్టడానికి అనుకూలంగా వచ్చిన ఓట్లూ 269. వ్యతిరేకంగా 198.)

ఆ ఒక్క ఓటు వల్ల లోక్‌సభకు మధ్యంతరం వచ్చింది. అదే సమయానికి మన అసెంబ్లీ గడువు దగ్గర పడుతోంది, 2000 జనవరి వరకే. రెండింటినీ కలిపేశారు. 1999 సెప్టెంబరులో ఓటరు ఒకే రోజు రెండు ఓట్లు వేశాడు. ఖర్చు కలిసొస్తుందన్నది పైకి చెప్పిన మాట. కార్గిల్ యుద్ధం తర్వాత వాజ్‌పేయికి ఉన్న ఊపు చంద్రబాబుకు కలిసొస్తుందన్నది ఊరూరా చెప్పుకున్న మాట. ఏదైతేనేం, ఏడాదిన్నర కిందట మూడు పార్టీలకు పంచిన అయిదు స్థానాలనూ డెల్టా ఈసారి గంపగుత్తగా తెలుగుదేశం, బీజేపీ కూటమికే ఇచ్చింది. రాష్ట్రంలో తెలుగుదేశం గెలిచింది, ఎంపీ సీట్లూ దాంతోపాటే వచ్చాయి.

అప్పటికి అది ఒక్కసారి జరిగిన కలయిక మాత్రమే. విడిపోయే అవకాశం 2004లోనే ఉంది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు మీద దాడి జరిగింది. నవంబరులో ఆయన అసెంబ్లీ రద్దు చేయించారు. వెంటనే ఎన్నికలు వస్తాయనుకుంటే ఓటర్ల జాబితాల సవరణ, ఇతర కారణాలతో ఆలస్యమైంది. ఈలోగా వాజ్‌పేయి కూడా లోక్‌సభను ముందుగా రద్దు చేయించారు. రెండూ మళ్లీ ఏప్రిల్‌లో కలిశాయి.

ఆ ఎన్నికలో ఢిల్లీ గురించి ‘భారత్ వెలిగిపోతోంది’ అని ఒక నినాదం ఉంది. డెల్టాలో దాన్ని ఎవరు పట్టించుకున్నారు? ఉచిత విద్యుత్తు, కరువు, వైఎస్ పాదయాత్ర, చంద్రబాబు తొమ్మిదేళ్ల పాలన, అంతా ఇదే. మే 11న అసెంబ్లీ ఓట్లు లెక్కించారు, తెలుగుదేశానికి 47 సీట్లు. రెండు రోజుల తర్వాత లోక్‌సభ లెక్కింపు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, నరసాపురం, ఏలూరు, అయిదూ కాంగ్రెస్‌వే. వాజ్‌పేయి దిగిపోయారు. 1998లో ఆయన కోసం ప్రత్యేకంగా ఓటేసిన రాజమండ్రి, 2004లో ఆయన్ను దించింది. కానీ దించాలని అనుకుని దించిందా? చంద్రబాబును దించుతుంటే వాజ్‌పేయీ పోయారు. ఆ ఎన్నికలో ఓటేసినవాళ్లను అడిగి చూడండి, ఇదే చెబుతారు.

ఆ తర్వాత 2009, 2014, 2019, 2024. గడువు తప్పలేదు, కలయిక తప్పలేదు. 2009లో అయిదూ కాంగ్రెస్. 2014లో అయిదూ తెలుగుదేశం, బీజేపీ. 2019లో అయిదూ వైసీపీ. 2024లో అయిదూ కూటమి: అమలాపురం, ఏలూరు తెలుగుదేశానికి, రాజమహేంద్రవరం, నరసాపురం బీజేపీకి, కాకినాడ జనసేనకు. ఆరు ఎన్నికలుగా ఈ అయిదు స్థానాల్లో ఒక్కటి కూడా రాష్ట్రంలో గెలిచిన పక్షాన్ని కాదని పోలేదు. 2019లో రాష్ట్రంలో నోటా కన్నా తక్కువ ఓట్లతో, ఒక్క శాతం దగ్గర ఆగిన బీజేపీకి 2024లో ఈ డెల్టా నుంచి ఇద్దరు ఎంపీలొచ్చారు. ఆ అయిదేళ్లలో ఇక్కడి జనం ఆ పార్టీ గురించి కూర్చుని ఆలోచించి మనసు మార్చుకున్నారని చెప్పడం కష్టం. పొత్తు కుదిరింది, సీటు దక్కింది, తెల్ల కాగితం మీది గుర్తు నేర్పించారు.

మధ్యలో ఒక్క మినహాయింపు చెప్పుకోవాలి. ప్రత్యేక హోదా. 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికొచ్చింది. జూలై 20న దాని అవిశ్వాస తీర్మానం 325–126తో వీగిపోయింది. 2019లో ఇరవై అయిదుకు ఇరవై అయిదు మంది ఎంపీలను ఇస్తే హోదా తెస్తానని జగన్ అడిగితే ఓటర్లు 22 మందిని ఇచ్చారు. ఢిల్లీని అడగాల్సిన ప్రశ్న ఒకటి ఆ ఎన్నికలోనే ఊరి దాకా వచ్చింది. 2024కు అదీ లేదు. హోదా అన్న మాట ఎత్తడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

అడగని ప్రశ్నలు

ఢిల్లీతో డెల్టాకు పనిలేదా అంటే, ఇంత పని ఉన్న ప్రాంతం రాష్ట్రంలో ఇంకోటి లేదేమో.

రొయ్యల సంగతి చూద్దాం. భీమవరం చుట్టూ చెరువుల్లో పెరిగే వనామి రకం రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. భారత రొయ్యలకు ప్రభుత్వ రాయితీలు అందుతున్నాయంటూ 2023 అక్టోబరులో అక్కడ ఫిర్యాదు దాఖలైంది. అదనపు సుంకంపై ప్రాథమిక నిర్ణయం వచ్చింది 2024 మార్చి చివర్లో. అంటే సరిగ్గా మన ఎన్నికల షెడ్యూలు వచ్చిన పది రోజులకు. దాని మీద మాట్లాడాల్సింది కేంద్ర వాణిజ్య శాఖ, నిలదీయాల్సింది నరసాపురం, ఏలూరు ఎంపీలు. ప్రచారంలో చెరువు గట్ల మీద వినిపించిందేమిటి? కరెంటు యూనిట్ రూపాయిన్నర ఎవరికి, ఆక్వా జోన్‌లో ఉన్నవాళ్లకా, నాన్‌జోన్ వాళ్లకూనా. అది అవసరమే, కరెంటు బిల్లు రైతు నడ్డి విరుస్తుంది కాబట్టి. కానీ అది రాష్ట్రం ఇచ్చేది. 2024 అక్టోబరులో చాలామంది ఎగుమతిదారులకు 5.77 శాతం సుంకం ఖాయమైంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ట్రేడరు కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఇంత తగ్గిస్తున్నానని ఫోన్ చేసిన రోజున చెరువులో పంట పట్టుబడికి ఉన్న రైతు చేయగలిగేదేమీ ఉండదు. మేత ఖర్చు ఆగదు, రొయ్య ఆగదు. ఆ రోజున ఎంపీ ఎవరో గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

కొబ్బరిదీ అంతే. ఎండు కొబ్బరి మద్దతు ధర ఏటా ప్రకటించేది కేంద్రమే. మిల్లింగ్ కొబ్బరికి 2024లో క్వింటాలుకు 11,160 రూపాయలు, 2025లో 11,582. కురిడీకి 12,000 నుంచి 12,100, అంటే వంద రూపాయలు పెంపు. అంబాజీపేట మార్కెట్‌లో ఈ అంకెలు నోటికి రానివాళ్లు ఉండరు. ఎన్నికల సభల్లో మాత్రం ఇవి వినపడలేదు.

రైలు సంగతి చెప్తే నవ్వొస్తుంది. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా బ్రిటిషువాళ్ల కాలంలో వేసిన లైను, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో పట్టాలు పీక్కుపోతే, 2004లో మళ్లీ మొదలైంది. దాన్ని కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా పొడిగించే 57 కిలోమీటర్ల లైను 2000–01లో, బాలయోగి స్పీకర్‌గా ఉన్న కాలంలో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీదా వంతెనలు కట్టాలి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలన్నది షరతు. దాంతో రాష్ట్రం ఇవ్వలేదని కేంద్రం, కేంద్రం విదల్చడం లేదని రాష్ట్రం. 2002 మార్చి 3న బాలయోగి హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. తర్వాత అయిదు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. 2024లో ఆయన కుమారుడు హరీష్ మాధుర్ అమలాపురం ఎంపీ అయ్యేనాటికి కూడా అమలాపురానికి రైలు రాలేదు. విడిగా పార్లమెంటు ఎన్నిక జరిగి ఉంటే రైలు వచ్చేసేదని నేననను. కనీసం అభ్యర్థిని ఊరి మధ్యలో నిలబెట్టి ‘వంతెన ఎక్కడిదాకా వచ్చిందండీ?’ అని అడిగే సందు దొరికేది. ఎమ్మెల్యే అభ్యర్థి పక్కన ప్రచార రథం మీద చేతులూపుతూ వెళ్లిపోయే మనిషిని ఎక్కడ ఆపి అడుగుతాం?

ఎన్నికలు చప్పబడడానికి శేషన్‌ని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టి.ఎన్.శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వచ్చాక గోడ రాతలు పోయాయి, రాత్రి పది దాటాక మైకులు పోయాయి, 1997లో రాష్ట్రం గోడలు ఖరాబు చేయకూడదని చట్టమే చేసింది, నామినేషన్ల ఉపసంహరణకూ పోలింగ్‌కూ మధ్య కనీస గడువును 1996 సవరణతో 20 రోజుల నుంచి 14కు కుదించారు. 2024లో సరిగ్గా ఆ పద్నాలుగు రోజులే దొరికాయి, ఏప్రిల్ 29 నుంచి మే 13. ఇవన్నీ నిజాలే. అయితే ఇదే కోడ్, ఇదే గడువు, ఇదే మైకు నిబంధన అసెంబ్లీకి కూడా కదా? అది ఎందుకు చప్పబడలేదు? పిఠాపురంలో గోడ రాతలు లేకపోయినా వేడి తగ్గలేదే. కాబట్టి ఈ వాదన నాకు ఎక్కదు.

జమిలి కావాలనేవాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. మాటిమాటికీ కోడ్ వస్తే పనులు ఆగిపోతాయి, టీచర్లు బడి వదిలి బూత్ డ్యూటీలకు వెళ్లాలి, ఖర్చు రెట్టింపు. జమిలిపై మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చి 14న ఇచ్చిన 18,626 పేజీల నివేదికలో ప్రధానంగా ఇవే ఉన్నాయి. జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999 మేలో ఇచ్చిన 170వ నివేదిక కూడా కలిపి నిర్వహించడమే మంచిదంది. ఓటరు తెలివైనవాడు, రెండు యంత్రాల మీద రెండు రకాలుగా నొక్కగలడని వీళ్లంటారు. 1989లో రెండూ కలిసి జరిగినప్పుడు రాష్ట్రాన్ని కాంగ్రెస్ ఊడ్చేసినా నరసాపురం ఎంపీ సీటు తెలుగుదేశానికే వచ్చింది, దాన్ని చూపిస్తారు. సరే. ఆ తర్వాత ఆరు ఎన్నికల్లో అయిదు స్థానాల చొప్పున మళ్లీ అలాంటిది ఒక్కటైనా చూపించమంటే చూపించలేరు. ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 1999 నుంచి 2014 వరకు దేశంలో కలిసి జరిగిన ఎన్నికలను లెక్కగట్టి, రెంటికీ ఒకే పార్టీకి ఓటు పడే అవకాశం 77 శాతమని తేల్చింది.

ఆ చర్చ దేశమంతా ఒక తీరులో నడుస్తోంది. జమిలి వస్తే ఢిల్లీ గాలి అసెంబ్లీలను ఊడ్చేస్తుందని, రాష్ట్రాల గొంతు నొక్కేస్తుందని ప్రతిపక్షాల భయం. మన దగ్గర జరిగింది దానికి తలకిందులు. ఇక్కడ అసెంబ్లీ గాలి పార్లమెంటును మింగేసింది. తమిళనాడులోనో బెంగాల్‌లోనో ఉన్న భయం మన పార్టీలకు లేకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఎంపీ అభ్యర్థి తన కింది ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థులకూ ఖర్చులు సర్దాలన్నది జిల్లాలో బాహాటంగా చెప్పుకునే మాట. చట్టం ప్రకారం ఆయన పరిమితి 95 లక్షలు, వాళ్ల పరిమితి 40 లక్షల చొప్పున. విడిగా ఎన్నిక వస్తే ఆ ఏర్పాటు పోతుంది. బిల్లుకు తెలుగుదేశం మద్దతు పలికినప్పుడు రాష్ట్రంలో పెద్ద వాదోపవాదాలేమీ జరగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

బిల్లు యథాతథంగా చట్టమైతే, 82ఎ అనే కొత్త అధికరణ కింద అసెంబ్లీల గడువు లోక్‌సభ గడువుతోపాటే ముగుస్తుంది. మధ్యలో ఏ సభ పడిపోయినా మిగిలిన కాలానికి మాత్రమే ఎన్నిక జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి రోజున మారేదేమీ ఉండదు. అయితే 1999లాగా లోక్‌సభ ఒక్కటే మధ్యలో కూలితే, డెల్టాలో చాలా కాలం తర్వాత ఉత్త పార్లమెంటు ఎన్నిక వస్తుంది. మిగిలిన కాలం ఏడాదో రెండేళ్లో అయితే దానికి ఎవరు ఏమాత్రం ఖర్చు పెడతారో, ఎంతమంది క్యూ కడతారో చూడాలి. కోవింద్ కమిటీ చెప్పిన రెండో అంచె, అంటే వంద రోజుల్లోపు పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ కూడా ఎన్నికలు పెట్టడం, ఈ బిల్లులో లేదు. దానికి సగం రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం కావాలి. అదీ వస్తే, ఎండాకాలంలో ఎమ్మెల్యే ఎన్నిక అయిన వంద రోజులకే సర్పంచి ఎన్నిక. ఆ వంద రోజుల లెక్క చూసుకుని ఊళ్లలో పోటీదారులు ఎమ్మెల్యే ఎన్నికలోనే తమ ఓట్లు సర్దుకోవడం మొదలుపెడతారు. ఎంపీ అభ్యర్థికి ప్రచార రథం మీద ఇప్పుడున్న ఆ పక్క చోటైనా మిగులుతుందో లేదో.